దాదాపు వదిన ఎన్నికల్లో నిలబడింది

మనస్తత్వ నిపుణులంటే మనిషిని చూడగానే లోపలున్నదంతా చదివేస్తారని చాలామంది నమ్మకం. అలాంటివాళ్లు ఒక్కసారి మా సంఘం ఎన్నికలు చూడాలి. భయం మీద పుస్తకాలు రాసినవాళ్లు బ్యాలెట్ పెట్టె దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కుంటారు. పొగడ్తలకు లొంగొద్దని ఊరందరికీ పాఠాలు చెప్పేవాళ్లు "మీలాంటి పెద్దలు మా వైపు ఉంటే చాలండీ" అనగానే కరిగిపోతారు. నేనూ ఆ బాపతే. పిల్లల మనస్తత్వ నిపుణురాలిని, బజారు వీధిలో మందుల షాపు పైన మేడమీద నా క్లినిక్. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, నోట్లో నువ్వుగింజ నానదు. ఈ రెండు ముక్కలూ తెలిస్తే మిగతాదంతా మీకు సులువుగా అర్థమవుతుంది.

ఈసారి అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన్ని సంఘంలో అందరం తేనెగారు అంటాం. ఆయన "బాగున్నారా" అని అడిగితే చాలు, అప్పటిదాకా బాగోలేనివాళ్లకి కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. అలాంటి గొంతు. ఆ గొంతుకి తోడు ఆయన దగ్గరొక చిన్న ఇత్తడి గంట ఉంది. రోజూ పొద్దున్నే పిల్లల ఎడమ చెవి దగ్గర దాన్ని మెల్లగా మోగిస్తే వాళ్ల భయాలన్నీ పోతాయట. గంట వైద్యం అని దానికి పేరు పెట్టి, మూడు పూటల శిక్షణ పెట్టి, నేర్చుకున్నవాళ్లందరికీ మా సంఘం ముద్ర వేసిన సర్టిఫికెట్లు ఇప్పిస్తున్నాడు. పనిచేస్తుందా లేదా అని ఎవరూ పరీక్షించలేదు. పాత కార్యవర్గం అడిగినవాళ్లందరికీ ముద్ర వేసేసింది. మొహమాటం అనేది మా వృత్తిలో ఇంకా మందు దొరకని జబ్బు.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఒక మధ్యాహ్నం, నా క్లినిక్‌లో. బట్టలు కుట్టే ఆవిడ కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్లకి బడంటే భయం. గేటు దాకా వచ్చి, కడ్డీలు పట్టుకుని ఇక కదలదు. పక్క వీధిలో గంట వైద్యం నేర్చుకున్న ఒకాయన దగ్గర ఏడాది పాటు గంట కొట్టించారు. పిల్ల బడికి పోలేదు సరికదా, ఒక తరగతి వెనకబడింది. ఎక్కడ గంట మోగినా బల్ల కింద దూరుతోందట.

"ఆయనకేం తెలుసమ్మా! ముందే నా దగ్గరికి రావలసింది" అన్నాను, నా సహజ వినయంతో.

ఆవిడ నా వెనక గోడ వైపు చూసింది. అక్కడ నా సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది, కింద గుండ్రటి ఎర్ర ముద్రతో. "ఆయన గోడ మీద కూడా ఇదే ముద్ర ఉందమ్మా. అది చూసే కదా నమ్మాను. ఇప్పుడు ఇది చూసి మిమ్మల్ని నమ్మాలా? ఏది నిజమైందో మాలాంటివాళ్లకి ఎలా తెలుస్తుంది చెప్పండి?"

నాకు సమాధానం దొరకలేదు. నాకు! ఆవిడ "ఆలోచించుకుని వస్తాలెండి" అని కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. నేను కుర్చీ ఎక్కి ఆ ఫ్రేముని గోడ వైపుకు తిప్పేశాను. ఆ ముద్రకి ఒక అర్థం వచ్చేదాకా దాని మొహం చూడకూడదనుకున్నాను. క్లినిక్ మూసి, కోపం చల్లారకముందే అన్నయ్య ఇంటికి నడిచాను.

మా అన్నయ్య పళ్ల డాక్టరు. ఇంటి ముందు గదిలోనే కుర్చీ, లైటు, పుక్కిలించే తొట్టి. వదిన విశ్వవిద్యాలయంలో జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తుంది. ఆవిడంత నిజాయితీ గల మనిషిని నేను చూడలేదు, ఆవిడంత నస పెట్టే మనిషినీ చూడలేదు. ఏది అడిగినా "దాదాపు" అనకుండా జవాబు చెప్పదు. ఇల్లు ఇక్కడేనా అని ఎవరైనా అడిగితే "దాదాపు" అంటుంది, ఎందుకంటే గుమ్మం పక్క వీధిలోకి తెరుచుకుంటుంది. పెళ్లిచూపుల్లో అన్నయ్య "నేను నచ్చానా" అని అడిగితే "ఇప్పటిదాకా చూసినంతలో" అందట. ఆ మాటకే పడిపోయానని అన్నయ్య ఇప్పటికీ చెబుతాడు. సంఘంలో ఆవిడ పేరు దాదాపు మేడమ్. నాకు దాదాపు వదిన.

"వదినా, నువ్వు అధ్యక్షురాలిగా నిలబడాలి" అన్నాను, చెప్పులైనా విప్పకుండా. దర్జీ ఆవిడ సంగతీ, ఫ్రేము తిప్పేసిన సంగతీ చెప్పాను. పరీక్షించి చూడకుండా ఏ వైద్యానికీ ముద్ర వెయ్యకూడదని నియమం తేవాలన్నాను.

వదిన అంతా విని కళ్లద్దాలు తుడుచుకుంది. "ఆ పిల్ల ఏ తరగతి?" అని అడిగింది. చెప్పాను. "ఏడాది పోయిందన్నమాట" అంటూ కళ్లద్దాలు పెట్టుకుంది. తర్వాత, "గెలుస్తానని అనుకోను. కానీ నిలబడతాను" అంది. వదిన నోట దాదాపు లేని మాట వినడం అదే మొదటిసారి.

ఇక ప్రచారం. మా సంఘానికి చాలా ఊళ్లలో శాఖలున్నాయి, ఒక్కో శాఖకీ మేము ఒక్క ఉత్తరం పంపుకోవచ్చు. నేనొకటి రాశాను. చెవి దగ్గర గంట మోగిస్తూ మనందరి చెవుల్లో పువ్వులు పెడుతున్నారని మొదలుపెట్టి, తేనెగారిని కడిగిపారేశాను. వదిన ఇంకొకటి రాసింది. అందులో మొదటి వాక్యం మొదటి పేజీలో మొదలై రెండో పేజీలో ముగిసింది. మధ్యలో "అయినప్పటికీ" అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం నావల్ల కాలేదు.

"ఇది చదివితే ఓటేసేముందు నిద్రపోతారు వదినా."

"నీది చదివితే నిద్ర లేచి మనల్ని తిడతారు."

ఇద్దరం వాదించుకుంటుంటే, వదిన లాబ్‌లో లెక్కలు చూసే లెక్కల మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, "గొడవెందుకు? పరీక్షించి చూడొచ్చుగా" అన్నారు. వదిన కళ్లు వెలిగిపోయాయి. శాఖల పేర్లు చీటీల మీద రాసి, కలిపి, మూడు కుప్పలు వేశారు. ఒక కుప్పకి నా ఘాటు ఉత్తరం. ఒక కుప్పకి వదిన నిద్ర ఉత్తరం. మూడో కుప్పకి ఏమీ పంపరు, ఒక్క మాట కూడా చెప్పరు. మందు వేసినవాళ్లని, వెయ్యనివాళ్లతో పోల్చాలి కదా మరి. పరిశోధన చేసేవాళ్లు అలవాటుగా చేసే పనే అది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా గంగిరెద్దుల్లా తలలూపారు. సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ ఊపాను.

ఉత్తరాలన్నీ వెళ్లిపోయాక, కవర్లకు అంటించిన జిగురు వేళ్ల నుంచి గీక్కుంటుంటే నాకో అనుమానం వచ్చింది. "ఏ ఉత్తరం పనిచేసిందో మనకెప్పుడు తెలుస్తుంది?"

"ఓట్లు లెక్కపెట్టాక. శాఖలవారీగా చెబుతారుగా" అంది వదిన, ఎంతో హాయిగా.

"అప్పుడు తెలిసి ఏం చేసుకుంటాం?"

లెక్కల మాస్టారు పైకప్పు వైపు చూశారు. వదిన నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. ఇంతమంది చదువుకున్నవాళ్లం కూర్చుని, ఉన్న శాఖల్లో మూడో వంతుని తేనెగారికి పళ్లెంలో పెట్టి ఇచ్చేశాం. ఆ మూడో వంతులో ఏ శాఖ ఉందో తెలుసా? మాది. మా సొంత ఊరి శాఖ, అన్నిటికంటే పెద్దది!

"కొంప మునిగింది. రేపే వెళ్లి మన శాఖలో అందరికీ చెబుతాను" అని లేచాను.

"వద్దు" అంది వదిన. "మధ్యలో మారిస్తే పరీక్ష చెడిపోతుంది. పరీక్ష పెట్టాలని చెప్పి ఓట్లడుగుతూ, మన పరీక్షనే మనం చెడగొట్టుకుంటామా?"

"ఓడిపోతాం వదినా!"

"దాదాపుగా" అంది.

ఆ తర్వాతి రోజులు నేనెలా గడిపానో నాకే తెలుసు. శాఖ కార్యాలయంలో ఎదురైన ప్రతివాళ్లూ "మీ వదిన ఏమంటోంది? మాకు ఉత్తరమైనా రాలేదే" అని అడగడం, నేను నీళ్లు నమలడం. నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాని విద్య, ముసలితనంలో ఈత నేర్చుకున్నట్టుంది. ఇంతలో తేనెగారు స్వయంగా మా ఊరొచ్చి సభ పెట్టాడు. అందరికీ తలా ఒక చిన్న ఇత్తడి గంట బహుమతిగా ఇచ్చాడు. నాకూ ఒకటి ఇచ్చి, "మీ గోడ మీద ఫ్రేము తిరగబడిందని విన్నాను తల్లీ, మేకు వదులైందేమో చూసుకోండి" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా. ఆ గంట ఆయన నెత్తిన మోగించాలనిపించింది. కానీ ఏమీ అనలేదు. వదిన మీద గౌరవం వల్ల ఊరుకున్నానని మీరు అనుకుంటే అనుకోండి, నేను మాత్రం లోపల ఆవిణ్నే తిట్టుకున్నాను.

క్లినిక్‌కి వెళ్లే దారిలోనే దర్జీ కొట్టు. బడి జరిగే వేళ ఆ పిల్ల కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చుని గుడ్డముక్కలు పేర్చుకుంటూ కనిపించేది. వాళ్లమ్మ నన్ను చూసి తలూపేది, అంతే. ఆవిడ ఇంకా ఆలోచిస్తూనే ఉంది. నేను తల దించుకుని దాటిపోయేదాన్ని.

ఓట్ల లెక్కింపు రోజు హాలు కిక్కిరిసింది. ఒక్కో శాఖ ఫలితం బోర్డు మీద రాస్తున్నారు. నా ఘాటు ఉత్తరం వెళ్లిన చోట్ల ఓడిపోయాం. వదిన నిద్ర ఉత్తరం వెళ్లిన చోట్లా ఓడిపోయాం. ఏమీ పంపని చిన్న శాఖల్లోనూ అంతే. చిట్టచివర మా ఊరి శాఖ పెట్టె విప్పారు. ఓట్ల మీద ఓట్లు, అన్నీ వదినకే! ఆ ఒక్క పెట్టెతో మొత్తం లెక్క తిరగబడి, వదిన వెంట్రుకవాసిలో గెలిచింది. నేను పక్కనున్న లెక్కల మాస్టారిని కావలించుకున్నాను. ఆయన బిగుసుకుపోయారు పాపం.

వదినకి మాత్రం గెలిచిన సంతోషం కంటే ఇంకో సంతోషం ఎక్కువైంది. మైకు పట్టుకుని, కృతజ్ఞతలు చెప్పడం మానేసి, మా మూడు కుప్పల సంగతి అందరికీ చెప్పేసింది. "మొత్తం మీద చూస్తే, మేము ఏమీ చెప్పని కుప్పలోనే ఎక్కువమంది మమ్మల్ని నమ్మారు. ప్రచారం చెయ్యకపోవడమే మేలని తేలింది. దీన్ని సంఘం పత్రికలో ప్రచురిస్తాను" అంది. ఒక్క దాదాపు కూడా లేదు. హాలంతా చప్పట్లు. తేనెగారు కూడా కొట్టాడు, వేళ్ల చివర్లతో.

ఆ సాయంత్రం అన్నయ్య ఇంట్లో భోజనాలు. "నువ్వు మాట్లాడకపోతే అందరికీ నచ్చుతావన్నమాట వదినా" అని నేను ఏడిపిస్తుంటే వదిన నవ్వుతూ వడ్డిస్తోంది.

అన్నయ్య నీళ్లు తాగి, "అదేం మాట! మన ఊళ్లో ఎవరూ ఏమీ చెప్పలేదని ఎవరన్నారు? నేను చెప్పానుగా" అన్నాడు.

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏం చెప్పారు?"

"ఆ దర్జీ ఆవిడ సంగతి, ముద్ర సంగతి, చెల్లి ఫ్రేము తిప్పేసిన సంగతి. ఇక్కడి మీ శాఖలో సగం మందికి నా దగ్గరే కదా పళ్లు. కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరవమని, లోపల దూది పెట్టి, మొత్తం చెప్పేవాణ్ని. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. ఎలా వస్తారు? నువ్వు నిలబడ్డ రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను. తేనెగారు సభకొచ్చినప్పుడు పన్ను నొప్పని వస్తే ఆయనకీ చెప్పాను."

"ఎందుకు చెప్పావన్నయ్యా! ఎవరికీ చెప్పకూడదని నియమం కదా!"

"నాకెవరు చెప్పారే ఆ నియమం? చీటీలు వేసినప్పుడు నన్ను పిలిచారా? నేను మీ సంఘంలోనే లేనుగా."

నిజమే. భర్త భార్య గురించి నాలుగు మంచి మాటలు చెబితే ఎన్నికల్లో అదేం తప్పు కాదు. గెలుపు గెలుపే. చెడిపోయింది పరీక్ష ఒక్కటే. కానీ వదిన మొహం చూస్తే, ఆవిడకి చెడిపోయింది మొత్తం అన్నట్టుంది. అన్నయ్య భయపడి పక్కనున్న పచ్చడి గిన్నెని తన దగ్గరికి జరుపుకున్నాడు.

"మొదటి సమావేశంలో చెప్పేస్తాను. తేలిందని నేనన్నది అసలు తేలనే లేదని" అంది వదిన.

"నీకేమైనా మతి పోయిందా? ఎవరికి తెలుస్తుంది? అన్నయ్య నోట్లో నేను దూది పెడతాను. అదే సమావేశంలో ముద్ర నియమం పెట్టాలి. నీ పరీక్షే తప్పని నువ్వే చెప్పుకుంటే తేనెగారి మనుషులు నవ్వుతారు, నియమం కాస్తా గాలికి పోతుంది. ఆ పిల్ల సంగతి ఆలోచించు."

వదిన నా వైపు తిరిగింది. కోపం లేదు, కళ్లలో నీళ్లున్నాయి. "ఆ పిల్ల సంగతే ఆలోచిస్తున్నాను. గంట పనిచెయ్యడం లేదని దాన్ని మోగించేవాళ్లకి తెలియకనా? తెలిసీ ఎవరూ చెప్పలేదు. అందుకే కదమ్మా ఆ పిల్లకి ఏడాది పోయింది. నువ్వు ఫ్రేము ఎందుకు తిరగేశావు మరి?"

నేను కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను.

సమావేశం రోజు వదిన మైకు ముందు నిలబడి, తన పరీక్ష చెడిపోయిందనీ, తన మాట వెనక్కి తీసుకుంటున్నాననీ, చెడగొట్టింది తన భర్తేననీ, చెప్పొద్దని ఆయనకి చెప్పడం మరిచిపోయింది మాత్రం తానేననీ వివరంగా చెప్పింది. హాలు విరగబడి నవ్వింది. మా ఊరి శాఖవాళ్లు దవడలు తడుముకుంటూ నవ్వారు. నేను కుర్చీలో కుంచించుకుపోయాను.

తేనెగారు మెల్లగా లేచాడు. "అమ్మా, ఇంట్లో పెట్టుకున్న పరీక్షే నిలబెట్టుకోలేకపోయారు. మీరు మా గంటను పరీక్షిస్తానంటే ఎలా నమ్మడం?" అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడంటే, ఒక్క క్షణం నాక్కూడా నిజమే కదా అనిపించింది.

"నా పరీక్ష చెడిపోయిందని మీకెలా తెలిసిందండీ?" అని అడిగింది వదిన.

"ఇప్పుడే మీరే చెప్పారు కదమ్మా!"

"అవును, నేనే చెప్పాను. మీ గంట ఏ పిల్లకైనా పనిచెయ్యలేదని మీరు ఎప్పుడైనా చెప్పారా?"

వదిన ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆయన జేబులోని గంటని తడుముకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. వెనక వరసలో గంట వైద్యం నేర్చుకున్న ఒకావిడ లేచి, "నా దగ్గరికొచ్చిన పిల్లల్లో కొంతమందికి తగ్గలేదు. చెబితే ముద్ర తీసేస్తారేమోనని చెప్పలేదు" అని గబగబా అనేసి కూర్చుంది. తర్వాత ఇంకొకరు లేచారు. నియమానికి చేతులెత్తమన్నప్పుడు హాల్లో చాలా చేతులు లేచాయి. తేనెగారి చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగింది. సభ అయ్యాక ఆయన వదిన బల్ల దగ్గరికొచ్చి గంట తీసి అక్కడ పెట్టాడు. "పరీక్షించండి. జాగ్రత్తమ్మా, అది మా నాన్నది" అన్నాడు. ఆ మాటలో తేనె లేదు. నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది.

మర్నాడు క్లినిక్‌కి వెళ్లగానే కుర్చీ ఎక్కి ఫ్రేము తిప్పాను. అద్దం మీద దుమ్ము తుడిచాను. దర్జీ కొట్టు ముందు ఆగి, జరిగిందంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపలేదు. కానీ మధ్యాహ్నం మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి.

ఆవిడ గోడ వైపు చూసింది. "ఇప్పుడు నమ్మొచ్చా అమ్మా? మీ దగ్గర పిల్లకి నయమవుతుందా?"

నిక్షేపంగా అవుతుంది, అని నా నాలుక చివరిదాకా వచ్చింది. నా అలవాటు అది. పిల్ల వాళ్లమ్మ చీర కొంగు వెనక నుంచి నన్నే చూస్తోంది.

"ముందు గేటు దాకా వెళ్తాం, కొన్నాళ్లకి గేటు లోపలికి, ఆ తర్వాత తరగతి గుమ్మం దాకా. పరీక్షించి చూసిన పద్ధతే. చాలామంది పిల్లలకి పనిచేసింది, అందరికీ చెయ్యలేదు" అన్నాను. "మీ అమ్మాయికి దాదాపుగా పనిచేస్తుందనే అనుకుంటున్నాను. చెయ్యకపోతే ఆ మాట ముందు నేనే మీకు చెబుతాను."

అంతే, ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోతుందనుకున్నాను. దాదాపు అని చెప్పే డాక్టరు దగ్గర ఎవరు కూర్చుంటారు?

ఆవిడ కొంగు వెనకున్న కూతురి తల నిమిరింది. "ఆ గంటాయన ఒక్కరోజు కూడా అలా అనలేదమ్మా" అంది. సంచి కింద పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "గేటు దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?"